సుబాబుల్‌ను తినే పురుగులు మన దగ్గర ఉన్నాయా?

రాయగడ రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు, విద్యార్థులకు నమస్కారం.

తోటలో ఉన్న సుబాబుల్ మీద నాకు కోపం లేదు. ఆ కర్రను కాగితం మిల్లుకు అమ్ముకునే రైతులకు అది అన్నం పెడుతోంది. నా బాధంతా గట్టు దాటి బయటికొచ్చిన సుబాబుల్ గురించే. ఒక్క చెట్టున్నా చాలు, వేల గింజలు రాలుస్తుంది. నరికితే మోడు నుంచి మళ్లీ పిలకలేస్తుంది. ఆ గుబురు కింద మన మొక్క ఇంకొకటి బతకడం కష్టం.

ఎందుకింత బలం? దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. చెట్టు ఇక్కడికొచ్చింది గానీ, దాన్ని తినే పురుగులు చాలావరకు అక్కడే ఉండిపోయాయి.

మరి మన పురుగులు తినవా? తింటాయి. జామ, మామిడి బెరడును తొలిచే గొంగళిపురుగు మనదే, అది చాలా రకాల చెట్ల మీద బతుకుతుంది. కానీ అడవి సుబాబుల్ కోసం దాన్ని పెంచితే ముందు పోయేది మన జామతోటే. ఇంకో సంగతి వినండి. 1988లో సుబాబుల్ లేత చిగుళ్ల రసం పీల్చే చిన్న పురుగు బయటి నుంచి మన దేశానికి చేరింది. చిగుళ్లు మాడిపోయాయి. అప్పుడు ఆ పురుగును తిన్నవాటిలో మన అక్షింతల పురుగులూ ఉన్నాయి! అంటే మన పురుగులు చెట్టునే కాపాడాయి. అందుకే, మనదైతే చాలు మేలు చేస్తుందని నేను అనను. అది ఏం తింటుందో, ఇంకేం తింటుందో తెలియాలి.

సుబాబుల్‌లాగే బయటి నుంచి వచ్చి పెరిగిపోయిన నాగజెముడు విషయంలో అలా తెలిసిన పురుగే పనిచేసింది. 1926లో శ్రీలంక నుంచి తెచ్చిన పిండిపురుగులాంటి ఆ కీటకం జెముడును తప్ప పంటల జోలికి పోలేదు. దక్షిణాఫ్రికావాళ్లు 1999లో సుబాబుల్ మీదికి గింజను తొలిచే పెంకుపురుగును వదిలారు. కర్ర, మేత రైతుకు దక్కాలి, గింజ మాత్రం మొలవకూడదు అన్నది వాళ్ల ఆలోచన. నాకు చాలా నచ్చిన ఆలోచన ఇది.

అలా గింజను తొలిచే పురుగు మన దగ్గర ఉందో లేదో చూడటానికి మీకో పని చెబుతున్నాను. ఎండిన సుబాబుల్ కాయలు కొన్ని గాజు సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టండి. గింజలకు గుండ్రటి రంధ్రాలు పడి, ఏ పురుగైనా బయటికొస్తే వ్యవసాయ అధికారులకు చూపించండి. ఈలోగా తోటలవాళ్లు కాయలు పగలకముందే చెట్లు కొట్టండి, గట్టు మీది మొలకలు వానలప్పుడే పీకేయండి.