గోడ అవతలివాళ్ళకు అన్నం ఎలా చేరింది?

శ్రోతలకు నమస్కారం.

1942 జూలై 6. నాజీల ఆక్రమణలో ఉన్న ఆమ్‌స్టర్‌డామ్. ఒట్టో ఫ్రాంక్, ఆయన భార్య ఎడిత్, కూతుళ్ళు మార్గో, అన్నే (తర్వాత తన డైరీతో లోకానికి తెలిసిన అన్నే ఫ్రాంక్) తమ ఇల్లు వదిలి ఒట్టో వ్యాపార కార్యాలయం వెనుక భాగంలో దాక్కున్నారు. జర్మనీలో పనికి రావాలంటూ ముందురోజే పదహారేళ్ళ మార్గోకు తాఖీదు వచ్చింది. తర్వాత మరో నలుగురు యూదులు వచ్చి చేరారు. మొత్తం ఎనిమిది మంది, రెండేళ్ళకు పైగా.

ఆ రహస్య భాగంలోకి దారి అయిన, పుస్తకాల బీరువా వెనుక దాగిన తలుపు గురించి చాలామంది విన్నారు. నాకు మాత్రం ఎప్పుడూ వంటింటి సందేహమే. విరాటుడి కొలువులో పాండవులు అజ్ఞాతవాసం చేశారన్న మాటే గాని, భోజనానికి లోటు లేదు. ఇక్కడేమో ప్రతిదీ రేషను కూపన్ల మీదే. దాక్కున్న యూదుడికి కూపను ఎవరిస్తారు?

కార్యాలయ ఉద్యోగిని మీప్ గీస్ భర్త యాన్, నాజీలను రహస్యంగా ఎదిరించే ప్రతిఘటన ఉద్యమం ద్వారా కూపన్లు సంపాదించేవాడు. మీప్ కూరగాయలు మోసుకొచ్చేది. మరో ఉద్యోగిని బెప్ పాలు, రొట్టెలు చూసుకునేది. ఇక కూరగాయల కొట్టు యజమాని హెండ్రిక్ వాన్ హూవె. ఇద్దరే ఉన్న ఇంటికి అన్నేసి కూరగాయలు ఎందుకని మీప్‌ను ఒక్కసారీ అడగలేదు. పైగా ఆమె కోసం పక్కన తీసిపెట్టేవాడు. అడగకపోవడమే ఆయన చేసిన సాయం అనుకుంటే పొరపాటు. ఆయన కూడా తన ఇంట్లో ఇద్దరు యూదులను దాచాడు. 1944 మేలో ఆ సంగతి బయటపడి అరెస్టయ్యాడు. ఆ రోజు నుంచి బీరువా వెనుక తిండి మరీ తగ్గిపోయింది. ఎంతో మందిని దాచిన గోడలు అలా ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి.

ఆగస్టు 4న పోలీసులు వచ్చారు. ఎనిమిది మందినీ, సాయం చేసిన ఇద్దరు పురుషులనూ తీసుకుపోయారు. వచ్చిన అధికారిది వియన్నా. మీప్ పుట్టిందీ అక్కడే. ఆ మాట ఆమె ఆయనతో అనేసింది, ఆమెను వదిలేశారు. ఊరుకుందా? తర్వాత ఆ అధికారి కార్యాలయానికే వెళ్ళి, డబ్బు తీసుకుని వాళ్ళను విడిచిపెట్టమని అడిగింది. ఫలితం లేకపోయింది.

ఆ ఎనిమిది మందిలో ఒట్టో ఒక్కడే బతికి బయటపడ్డాడు. కూరగాయల వ్యాపారి కూడా నిర్బంధ శిబిరాల నుంచి ప్రాణాలతో తిరిగి వచ్చాడు. 1945 జూన్‌లో ఆమ్‌స్టర్‌డామ్ చేరిన ఒట్టో నేరుగా మీప్, యాన్‌ల ఇంటికి వెళ్ళాడు. తర్వాత ఏడేళ్ళు వాళ్ళతోనే ఉన్నాడు.