కూతుళ్ళ వైపు నడిచిన వంశం: న్యూయార్క్ ఫెల్ప్స్ కుటుంబం

అందరికీ నమస్కారం.

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా దాతలు అనగానే మనవాళ్ళకి కార్నెగీ, రాక్‌ఫెల్లర్ గుర్తొస్తారు. ఫెల్ప్స్ అంటే ఈతగాడు ఫెల్ప్సా అని అడుగుతారు. ఆయన గురించి కాదు. ఇవాళ నేను చెప్పబోయేది ఆన్సన్ గ్రీన్ ఫెల్ప్స్ అనే న్యూయార్క్ వ్యాపారి గురించి, ఆయన తరవాత నాలుగైదు తరాల గురించి.

వంశవృక్షం గీయమంటే మనం ఏం చేస్తాం? ముత్తాత పేరు పైన రాసుకుని కొడుకులు, మనవలు అంటూ కిందికి దిగుతాం. ఆడపిల్ల దగ్గరికి రాగానే ‘ఫలానావారికి ఇచ్చారు’ అని రాసి గీత ఆపేస్తాం. ఆ లెక్కన ఫెల్ప్స్ వంశం గీస్తే రెండో తరంలోనే ఆగిపోతుంది. ఆయనకి ఒక్కడే కొడుకు. తండ్రి పోయిన అయిదేళ్ళకి, 1858లో, పిల్లలు లేకుండానే ఆ అబ్బాయీ పోయాడు. కానీ కూతుళ్ళు ఉన్నారు. డబ్బు, కంపెనీ, దానధర్మాలు, చివరికి ఫెల్ప్స్ అన్న పేరు కూడా వాళ్ళ వైపే నడిచాయి.

ఫెల్ప్స్ 1781లో కనెటికట్‌లోని సిమ్స్‌బరీలో పుట్టాడు. చిన్నప్పుడే అమ్మానాన్నా పోయారు. గుర్రపు జీనులు కుట్టే పని నేర్చుకుని, వాటిని ఓడల మీద దక్షిణ రాష్ట్రాలకి పంపి నాలుగు డబ్బులు వెనకేసుకున్నాడు. తరవాత న్యూయార్క్ చేరి లోహాల వ్యాపారంలో దిగాడు. ఇక్కడి నుంచి పత్తి ఇంగ్లండుకి వెళ్తుంది. అక్కడి నుంచి తగరపు రేకు, ఇనుము, రాగి వస్తాయి. ఆ పత్తి పండించింది బానిసలు. ఆయన సంపదకి పునాదుల్లో అదొకటి. కుటుంబ చరిత్రలు ఈ వాక్యం మీంచి కొంచెం తొందరగా దాటిపోతాయి.

1832లో క్లిఫ్ స్ట్రీట్ మూలనున్న వాళ్ళ ఆరంతస్తుల గిడ్డంగి సరుకు బరువుకి కూలిపోయింది. లోపల పనిచేస్తున్నవాళ్ళు కొందరు చనిపోయారు. ఆ తరవాత పాత భాగస్వామితో తెగతెంపులయ్యాయి. అప్పుడు ఫెల్ప్స్ అల్లుళ్ళని పిలిచాడు. మెలిస్సా భర్త విలియం ఎర్ల్ డాడ్జ్ న్యూయార్క్‌లో, ఎలిజబెత్ భర్త డేనియల్ జేమ్స్ లివర్‌పూల్‌లో కూర్చున్నారు. ఇక్కడ ఫెల్ప్స్ డాడ్జ్, అక్కడ ఫెల్ప్స్ జేమ్స్. 1837లో కరొలీన్‌ని పెళ్ళి చేసుకున్న జేమ్స్ స్టోక్స్ కూడా తరవాత ఇందులోనే చేరాడు. ముగ్గురు తోడల్లుళ్ళు ఒకే కొట్టులో కూర్చుని దశాబ్దాల పాటు వ్యాపారం చేశారంటే, మన ఇళ్ళలో జరిగేవి తెలిసినవాళ్ళకి ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఫెల్ప్స్‌కి పేరు నిలబెట్టుకోవాలన్న కోరిక లేకపోలేదు. కనెటికట్‌లో ఫ్యాక్టరీ పెంచుకుందామంటే, పక్క స్థలం ఆసామి మరీ ఎక్కువ ధర చెప్పాడట. దాంతో నది అవతలి ఒడ్డుకి వెళ్ళి 1844లో ఏకంగా ఊరే కట్టాడు. ఆ ఊరి పేరు ఆన్సోనియా. ఇప్పటికీ ఉంది.

1853లో ఆయన పోయినప్పుడు తెరిచిన వీలునామా చూడండి. ధర్మసంస్థలకి 3 లక్షల 71 వేల డాలర్లు. ఇంకో లక్ష కొడుకు చేతికిచ్చి, దాని వడ్డీ దానాలకి వాడమన్నాడు. ఇవి కాక ఇరవై మందికి పైగా ఉన్న మనవలకీ మనవరాళ్ళకీ తలా 5,000 డాలర్లు, అవీ దానం చేయడానికే. ఆ పిల్లల్లో చాలామందికి అప్పటికింకా మీసాలు రాలేదు. పద్నాలుగేళ్ళ పిల్లాడికి ‘ఇది నీ డబ్బు కాదు, నీ చేతి మీదుగా వెళ్ళాల్సిన డబ్బు’ అని తాత చెప్పిపోయినట్టు లెక్క. తరవాతి తరాలు ఎందుకలా తయారయ్యాయో చెప్పడానికి నా దృష్టిలో ఇంతకన్నా మంచి కాగితం లేదు.

అల్లుడు డాడ్జ్ మద్యనిషేధ ఉద్యమ నాయకుడు, కొంతకాలం కాంగ్రెస్ సభ్యుడు. తను డైరెక్టరుగా ఉన్న రైల్వే ఆదివారాలు రైళ్ళు నడపడం మొదలెడితే ఆ పదవి వదులుకున్నాడు. అంతటి నిష్ఠాపరుడి కంపెనీ మీదే 1873లో కస్టమ్స్ వాళ్ళు పడ్డారు. దిగుమతి సరుకు విలువ తక్కువ చూపించారన్న ఆ గొడవ తేల్చుకోవడానికి 2 లక్షల 71 వేల డాలర్లు కట్టాల్సొచ్చింది. తప్పు చిన్నదని, అధికారులకి వాటా దక్కే చట్టం వల్లే అంత రాద్ధాంతమైందని కంపెనీ వాదించింది. ఆ వాదనలో కొంత నిజం లేకపోలేదు. ఆ వాటా పద్ధతిని కాంగ్రెస్ మరుసటి ఏడాదే రద్దు చేసింది.

ఇక స్టోక్సుల సంగతి. తాత మీద గౌరవంతో మనవడికి ఆన్సన్ ఫెల్ప్స్ స్టోక్స్ అని పేరు పెట్టారు. ఆయన కొడుక్కీ అదే పేరు. అటు డాడ్జుల ఇంట్లో ఒక ఆన్సన్ ఫెల్ప్స్ డాడ్జ్. పాత పత్రికల్లో ‘ఆన్సన్ ఫెల్ప్స్’ కనబడితే పుట్టిన సంవత్సరం చూడకుండా చార్టులో ఎక్కించకండి. పెద్దమ్మ భర్త పేరు కూడా వదల్లేదు. ఒకాయన విలియం ఎర్ల్ డాడ్జ్ స్టోక్స్. ఈయన బ్రాడ్వే మీద పెద్ద హోటల్ కట్టి తాత పేరు మీద ఆన్సోనియా అన్నాడు. దాని మేడ మీద కోళ్ళు, బాతులు, మేకలు పెంచాడు. 1907లో ఆరోగ్యశాఖ వచ్చి మూయించింది. దాతల కుటుంబంలో ఇలాంటివాళ్ళూ ఉంటారు, ఈయన కోర్టు కేసులు చెప్పాలంటే ఇంకో సభ పెట్టాలి.

ఈ హోటల్ స్టోక్స్ అక్క ఆలివియా, తల్లి పేరే ఉన్న చెల్లెలు కరొలీన్ పెళ్ళిళ్ళు చేసుకోలేదు. మామూలు వంశవృక్షంలో వీళ్ళ కింద ఏమీ ఉండదు. కానీ కరొలీన్ వీలునామాతో 1911లో ఫెల్ప్స్ స్టోక్స్ ఫండ్ పుట్టింది. నల్లవారి చదువు, అమెరికా ఆదివాసుల చదువు, న్యూయార్క్ పేదల ఇళ్ళు దాని పనులు. ఫండ్ నడిపిన చదువుల సర్వే చేతిపనులకే పెద్దపీట వేసిందని, నల్లవాళ్ళని కిందనే ఉంచే చదువు అదని నల్లజాతి మేధావి డబ్ల్యు. ఈ. బి. డుబోయిస్ గట్టిగా విమర్శించాడు. ఆయన మాట తీసిపారేయలేం. తాత ఫెల్ప్స్ విముక్తులైన నల్లవారిని ఆఫ్రికాకి పంపాలన్న సంఘంలో ప్రముఖుడు. లైబీరియా మీద ఆ కుటుంబపు ఆసక్తి అక్కడ మొదలైంది. 1929లో అక్కడి కకటాలో నల్లజాతి విద్యావేత్త బుకర్ వాషింగ్టన్ పేరు మీద వృత్తివిద్యా సంస్థ తెరిచే నాటికి ఆలివియా చనిపోయి రెండేళ్ళయింది.

మునిమనవల్లో ఇద్దరి గురించి చెప్తాను. ఐజాక్ న్యూటన్ ఫెల్ప్స్ స్టోక్స్ ఆర్కిటెక్ట్. పేదల అద్దె ఇళ్ళకి గాలీ వెలుతురూ రావాలని 1901 చట్టం కోసం పనిచేశాడు. చిత్రకారుడు సార్జెంట్ 1897లో వేసిన బొమ్మలో ఆయన భార్య ఈడిత్ వెనక నిలబడి ఉంటాడు. మొదట అక్కడ పెద్ద కుక్కని వేద్దామనుకున్నారట, కుక్క దొరక్క భర్తని నిలబెట్టారు. తమ్ముడు గ్రాహమ్ 1905లో రోజ్ పాస్టర్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె రష్యన్ సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన యూదు యువతి, క్లీవ్‌లాండ్‌లో ఏళ్ళ తరబడి చుట్టలు చుట్టిన కార్మికురాలు. పత్రికలకి పండగే పండగ. 1918లో యుద్ధాన్ని విమర్శించినందుకు ఆమెకి పదేళ్ళ శిక్ష పడింది, అప్పీల్‌లో కొట్టేశారు. 1925లో విడాకులయ్యాయి.

డాడ్జుల వైపు విలియం ఎర్ల్ డాడ్జ్ మనవరాలు గ్రేస్ డాడ్జ్. ఆమె లేకపోతే కొలంబియాలో టీచర్స్ కాలేజీ లేదు. ఆమె తమ్ముడు క్లీవ్‌లాండ్ డాడ్జ్ అధ్యక్షుడు విల్సన్‌కి కాలేజీ రోజుల స్నేహితుడు. 1915లో ఆర్మీనియన్ల సహాయ సంఘం ఆయన ఆఫీసులోనే మొదలైంది, సొంత డబ్బు ధారాళంగా ఇచ్చాడు. ఆ డబ్బులో చాలాభాగం కంపెనీ 1881 నుంచి అరిజోనాలో తవ్విన రాగిది. 1917 జులై 12న అక్కడి బిస్బీ ఊళ్ళో సమ్మె చేస్తున్న దాదాపు 1,200 మందిని తుపాకులతో చుట్టుముట్టి, పశువుల పెట్టెల్లో ఎక్కించి న్యూమెక్సికో ఎడారిలో దింపేశారు. ఈ పని వెనక ఫెల్ప్స్ డాడ్జ్ కంపెనీ ఉంది. అది పూర్తిగా చట్టవిరుద్ధమని విల్సన్ వేసిన కమిషనే తేల్చింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఇది ఫెడరల్ చట్టం కిందికి రాదని 1920లో కోర్టు చెప్పేసింది.

అదే క్లీవ్‌లాండ్ కొడుకు బేయర్డ్ 1923 నుంచి 1948 దాకా లెబనాన్‌లోని బేరూత్ అమెరికన్ యూనివర్సిటీకి అధ్యక్షుడు. బేయర్డ్ కొడుకు డేవిడ్ అక్కడే తాత్కాలిక అధ్యక్షుడిగా ఉండగా 1982లో అతన్ని అపహరించుకుపోయి, ఏడాది తరవాత వదిలిపెట్టారు. ఫెల్ప్స్ డాడ్జ్ కంపెనీని 2007లో ఫ్రీపోర్ట్ మెక్‌మొరాన్ కొనేసింది. ఇక మీ ప్రశ్నలు అడగండి.