చంటిపిల్లల గదిలో పది రోజులు

శ్రోతలకు నమస్కారం.

పన్నెండేళ్ల కిందట, నా ముప్పై నాలుగో ఏట, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి చిన్నపిల్లల టీచరు చదువులో చేరుతున్నానని మెల్‌బోర్న్ నుంచి ఇంటికి ఫోను చేసి చెప్పాను. అటువైపు కాసేపు మాట లేదు. తరువాత మా పిన్ని అంది, "నిన్ను ఎం.సి.ఏ. చదివించింది ఆయా పని చేయడానికా అమ్మా?" ఆవిడ వెటకారంగా అనలేదు, నిజంగానే బాధపడింది. ఆ రోజు నాకు జవాబు తోచలేదు. ఈ పది నిమిషాల ప్రసంగం ఆ జవాబే అనుకోండి.

మేం ఉండేది మెల్‌బోర్న్ పడమటి శివార్లలో. టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు శనివారం సాయంత్రం కూరగాయల దుకాణంలోకి వెళితే చెవికి తెలుగు వినిపించకుండా ఉండదు. నేను పని చేసే కిండర్‌లో కూడా తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. కిండర్ అంటే బడికి ముందు మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలు వచ్చే చోటు. ఏటా నా గదికి శిక్షణలో ఉన్న టీచర్లు వస్తారు. వారిలో బ్యాంకు ఉద్యోగం చేసినవారు, మందుల కంపెనీ ప్రయోగశాలలో పని చేసినవారు, సివిల్ ఇంజనీర్లు ఉంటారు. సగం మంది మనవాళ్లే.

ఇంతమంది ఎందుకు వస్తున్నారంటే, ఇక్కడ ఈ టీచర్లకు కొరత ఉంది. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రంలో 2022 నుంచి మూడేళ్ల పిల్లలకు కూడా అన్ని ప్రాంతాల్లో కిండర్ మొదలైంది. 2023 నుంచి పథకంలో చేరిన కిండర్లలో ఫీజు లేదు. నాలుగేళ్ల పిల్లలకు వారానికి 15 గంటలున్న కిండర్‌ను క్రమంగా 30 గంటలకు పెంచుతున్నారు. గంటలు పెరిగితే టీచర్లూ పెరగాలి. ఆ టీచరుకు డిగ్రీ స్థాయి అర్హత తప్పనిసరి. వేరే డిగ్రీ ఉన్నవారు మళ్లీ నాలుగేళ్లు కూర్చోనక్కరలేకుండా ఏడాది గ్రాడ్యుయేట్ డిప్లొమా గానీ, రెండేళ్ల మాస్టర్స్ గానీ చేయవచ్చు. 2015లో ఈ టీచర్లకు కూడా బడి పంతుళ్లతో సమానంగా రాష్ట్ర నమోదు వచ్చింది. నా నమోదు కాగితాన్ని ఫొటో తీసి మా పిన్నికే మొదట పంపాను.

ఒక ఏడాదిలో ఏం నేర్పుతారని చాలామంది అడుగుతారు. పిల్లలంటే ఇష్టం ఉంటే చాలదా అని కూడా అడుగుతారు. ఇష్టం ఉండి తీరాలి, అయితే దాన్ని ఎవరూ నేర్పలేరు. ఆ ఏడాది ముఖ్యంగా నేర్పేది చూడటం. చెబితే చిన్న విషయంలా అనిపిస్తుంది కాబట్టి నేను కళ్లారా చూసినది చెబుతాను.

ఒకావిడ, నలభై ఒక్క ఏళ్లు, బ్యాంకులో పద్నాలుగేళ్లు పని చేసి వచ్చింది. మూడో రోజు ఇద్దరం ఆరుబయట కూర్చున్నాం. నాలుగేళ్ల పిల్లవాడొకడు నిలువునా కోసిన ప్లాస్టిక్ పైపు తెచ్చుకుని, దాని అవతలి కొసను ఒక ఇటుక మీద పెట్టి, ఇవతలి కొసలో మగ్గుతో నీళ్లు పోశాడు. నీళ్లు ముందుకు పోకుండా వెనక్కి వచ్చి వాడి బూట్లు తడిపాయి. ఆవిడ చటుక్కున లేచింది, పైపును తిప్పి పెడదామని. నేను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. "తడిసిపోతున్నాడండీ" అంది. తడవనివ్వండి అన్నాను.

ఆ సాయంత్రం ఆవిడ పరిశీలన పుస్తకంలో ఒకే వాక్యం ఉంది: "బాబు నీళ్లతో సంతోషంగా ఆడుకున్నాడు." సంతోషం మీకు ఎక్కడ కనిపించింది అని అడిగాను. కళ్లతో చూసినదే రాయమన్నాను. పుస్తకం తీసుకుని బల్ల దగ్గర చాలాసేపు కూర్చుంది. రెండోసారి రాసినది ఇలా ఉంది: "నీళ్లు వెనక్కి వచ్చాయి. వంగి పైపు లోపలికి చూశాడు. రెండో ఇటుక తెచ్చి అవతలి కొస కిందే పెట్టాడు. ఈసారి నీళ్లు ఇంకా వేగంగా వెనక్కి వచ్చాయి. మగ్గు కింద పెట్టేశాడు. కాసేపు ఏమీ చేయలేదు. తరువాత రెండు ఇటుకలనూ తన వైపుకు మార్చాడు."

ఆ "కాసేపు ఏమీ చేయలేదు" అన్న వాక్యం చూశారా? వాడి ఆలోచనంతా జరిగింది అప్పుడే. ఆవిడ లేచి పైపు తిప్పి ఉంటే ఆ కాసేపు వాడికి దక్కేది కాదు. మర్నాడు ఆవిడే ఒక పొడవాటి పైపు, ఒక గరాటు, కాస్త బంకమట్టి అక్కడ పెట్టి ఉంచింది. ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ రోజు ఆవిడ చేసినదే పాఠం చెప్పడం. చూడటం, చూసినదాని అర్థం వెతకడం, మర్నాటికి దానికి తగిన ఏర్పాటు చేయడం. చదువులో మిగతావన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

వేరే ఉద్యోగం చేసి వచ్చినవారికి ఇక్కడే కష్టం. మనకు జీతం ఇచ్చింది సమస్య కనిపించగానే పరిష్కరించినందుకు. నేను సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి బతికినదాన్ని. మొదటి నెలంతా పిల్లల్లో కూడా తప్పులే వెతికాను. కత్తెర సరిగా పట్టుకోలేదు, వరుసలో నిలబడలేదు, రంగు గీత దాటింది. ఆ చూపు వదిలించుకోవడానికి నాకు పుస్తకాల కంటే రోజులే ఎక్కువ పట్టాయి. అయితే పాత ఉద్యోగం వృథాగా పోదు. ఏ మార్పు తరువాత ఏం జరిగిందో వరుసగా రాసుకునే అలవాటు నాకు టెస్టింగ్ నుంచే వచ్చింది. ఆ బ్యాంకు ఆవిడకైతే కంగారుగా వచ్చిన తల్లిదండ్రులతో నెమ్మదిగా మాట్లాడటం వెన్నతో పెట్టిన విద్య.

ఇక ప్లేస్‌మెంట్ సంగతి. ఇక్కడ దాని అర్థం ఉద్యోగం రావడం కాదు, చదువులో భాగంగా చేసే పని శిక్షణ. ఈ తరహా చదువుల్లో కనీసం 60 రోజులు పిల్లల మధ్య, ఒక టీచరు పర్యవేక్షణలో పని చేయాలి. అందులో కనీసం 10 రోజులు మూడేళ్లలోపు పిల్లలతో గడపాలి. ఈ పది రోజుల దగ్గరే చాలామంది మొహం చిన్నబుచ్చుకుంటారు. "నేను టీచరు కావడానికి వచ్చానండీ, డయపర్లు మార్చడానికి కాదు" అని ఆ బ్యాంకు ఆవిడ కూడా నాతో అంది. నాకు మా పిన్ని గొంతు వినిపించింది.

చంటిపిల్లల గదిలో ఇరవై ఏళ్లుగా పిల్లలను చూసుకుంటున్న ఒక ఎడ్యుకేటర్ ఉంది. ఆమెది డిగ్రీ కాదు, డిప్లొమా. చంటిపిల్లల గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆమె దగ్గర నేర్చుకున్నదే, ఆ మాట ఇక్కడ చెప్పి తీరాలి. పది నెలల పాప డయపర్ మార్చాలి. ఆమె మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ పాప ముందు చాపి, "నిన్ను ఎత్తుకోనా?" అని అడిగి ఆగింది. పాప చేతిలోని గిలక వంక చూసింది, ఆమె వంక చూసింది. ఆమె కదలలేదు. పాప గిలక వదిలేసి ముందుకు వంగింది. అప్పుడు ఎత్తుకుంది. బల్ల మీద పడుకోబెట్టాక, "ఇప్పుడు తడిగుడ్డ, చల్లగా ఉంటుంది" అని చెప్పి, పాప కాళ్లు కాస్త బిగుసుకున్నాక గుడ్డ తాకించింది.

మా శిక్షణార్థి నా వైపు తిరిగి, "మా అమ్మమ్మ లాల పోసేటప్పుడు ఇలాగే మాట్లాడేది" అంది. నాకూ గుర్తొచ్చింది. పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నలుగు పెడుతూ, చెయ్యి ఇయ్యమ్మా, కాలు ఇయ్యమ్మా, ఇదిగో నీళ్లు పోస్తున్నాను అని ఒక్క పనీ చెప్పకుండా చేసేవారు కారు మన పెద్దవాళ్లు. ఆస్ట్రేలియా మొత్తానికి 2009లో ఒక పాఠ్య ప్రణాళిక వచ్చింది, దాని పేరు బిలాంగింగ్, బీయింగ్ అండ్ బికమింగ్. 2022లో దాన్ని సవరించారు. ఇది నా చోటు అనిపించడం, ఇవాళ ఇలా ఉండగలగడం, రేపు ఎదగడం, ఈ మూడింటి గురించీ అందులో ఉంది. చదువుకునే రోజుల్లో ఆ మాటలు నాకు గాలిలో తేలినట్టే ఉండేవి. ఆ బల్ల దగ్గర నిలబడ్డాకే నేల మీదకు దిగాయి.

మా పిన్నికి ఇంకో సంగతి చెప్పి ఉండాల్సింది. మారియా మాంటిస్సోరి వైద్యురాలు. 1907లో రోమ్ నగరపు పేదవాడలో పిల్లల ఇల్లు తెరిచింది. 1939లో మన మద్రాసుకు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చింది. గిజుభాయి బధేకా న్యాయవాది. కోర్టు వదిలేసి 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టాడు. గుజరాతీలు ఆయన్ని మీసాల అమ్మ అని పిలుచుకున్నారు. చేస్తున్న వృత్తి మానేసి పిల్లల దగ్గరకు రావడం కొత్త సంగతి కాదు, చిన్నతనమూ కాదు.

మన దగ్గర ఎల్‌కేజీకి ఎవరిని పెడుతున్నామో చూడండి. ఆ మధ్య సెలవులకు వచ్చినప్పుడు ఒక బడిలో మూడున్నరేళ్ల పాప నాలుగు గీతల పుస్తకంలో అక్షరాలు దిద్దుతూ వేళ్లు నొక్కుకోవడం చూశాను. ఆ టీచరు బి.కాం. చదివిన అమ్మాయి, ఎంతో ఓపికగలది. ఆమెకు ఎవరూ ఏమీ నేర్పలేదు, అంతే. 2020 జాతీయ విద్యా విధానం ఇంటర్ చదివిన అంగన్‌వాడీ టీచర్లకు ఆరు నెలల సర్టిఫికెట్, అంతకంటే తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా ఇవ్వాలని చెప్పింది. కాగితం మీదైనా ఆ మాట పడినందుకు నాకు సంతోషమే. ఆ బి.కాం. అమ్మాయికి కూడా అరవై రోజులు ఒక మంచి టీచరు పక్కన కూర్చునే అవకాశం రావాలి. నేను దీన్ని గట్టిగా కోరుకుంటున్నాను.

ఇక ఈ దారి పట్టాలనుకునేవారికి ఉన్నదున్నట్టు చెబుతాను. ప్లేస్‌మెంట్ రోజులకు సాధారణంగా జీతం ఉండదు. సాఫ్ట్‌వేర్ జీతంతో పోలిస్తే టీచరు జీతం తక్కువే. స్కాలర్‌షిప్పులు ఉన్నాయి గానీ వీసాను బట్టి, చదువును బట్టి షరతులుంటాయి, ముందే చదువుకోండి. ఏ చదువును ప్రభుత్వ సంస్థ ఆమోదించిందో ఫీజు కట్టకముందే చూసుకోండి.

దరఖాస్తుకు ముందు పిల్లలతో పని చేయడానికి కావలసిన అనుమతి కార్డు తీసుకుని, ఏదైనా కిండర్‌ను అడిగి ఒక వారం వారితో గడపండి. జూలైలో వెళ్లండి. ఇక్కడ అప్పుడు చలికాలం, వాన. ఇక్కడి నిబంధన ప్రకారం మూడేళ్లు దాటిన పదకొండుమంది పిల్లలకు ఒకరుండాలి. పదకొండు చలికోట్లు, పదకొండు జిప్పులు, ఇరవై రెండు తడిసిన సాక్సులు. ప్రతి జిప్పు దగ్గరా నేను వేయనా, నువ్వే వేసుకుంటావా అని అడిగి ఆగాలి. ఆ వారం అయ్యాక సోమవారం పొద్దున మీకు మళ్లీ వెళ్లాలనిపిస్తే, అప్పుడు ఫారం నింపండి.

నమస్కారం.