పనికిమాలిన తోబుట్టువులు, పట్టింపున్న ప్రేక్షకులు

శ్రోతలకు నమస్కారం.

లండన్‌లో ఒక ఫ్లాటు. అందులో హన్నా, డాన్ అని ఇద్దరు తోబుట్టువులు. వయసులో పెద్దవాళ్లే, బుద్ధిలోనే కాదు. హన్నాకు ఉద్యోగం ఉంది, పని చెయ్యాలని లేదు. డాన్‌కు అసలు ఉద్యోగమే లేదు. ఎవరైనా కాస్త నవ్వుతూ పలకరిస్తే చాలు, వాళ్ల వెనకే వెళ్లిపోతాడు. అబద్ధం ఆడటానికి ఇద్దరూ వెనకాడరు. ఆడిన అబద్ధాన్ని నిలబెట్టుకోవడం మాత్రం ఇద్దరికీ చేతకాదు. బీబీసీ త్రీ చానెల్‌లో 2014లో మొదలై 2016లో ముగిసిన 'సిబ్లింగ్స్' అనే హాస్య ధారావాహిక ఇది. రెండు సీజన్లు, మొత్తం 12 ఎపిసోడ్లు. సృష్టికర్త కీత్ అకుషీ. హన్నాగా షార్లెట్ రిచీ, డాన్‌గా టామ్ స్టూర్టన్ నటించారు.

ఇలాంటి సీరియల్ చూసినవాళ్లు రెండు జట్లుగా విడిపోతారు. ఒక జట్టు పొట్ట పట్టుకుని నవ్వుతుంది. రెండో జట్టు మొహం చిట్లించుకుంటుంది. రెండో జట్టు ఫిర్యాదు సాధారణంగా ఒకటే: ఇద్దరిలో ఒక్కరైనా మంచివాళ్లు ఉండొద్దా? ఎవరి పక్షాన నిలబడి చూడాలి? మొదటి జట్టు జవాబు కూడా తెలిసిందే: పక్షం ఎందుకండీ, నవ్వొస్తోందా లేదా?

నాకు ఈ తగవు భలే ఇష్టం. ఎందుకంటే ఇది 'సిబ్లింగ్స్'తో పుట్టింది కాదు. బాధ్యత లేని తోబుట్టువులను బ్రిటిష్ టీవీ చాలా ఏళ్లుగా చూపిస్తూనే ఉంది. ప్రేక్షకులు కొందరిని నెత్తిన పెట్టుకున్నారు, కొందరిని దూరం పెట్టారు. ఆ తేడా ఎక్కడుందో చూద్దాం.

నెత్తిన పెట్టుకున్న జంటంటే ముందు చెప్పాల్సింది డెల్‌బాయ్, రోడ్నీ అన్నదమ్ముల గురించే. 'ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్' 1981లో మొదలైంది. రాసింది జాన్ సలివన్. అన్నగా డేవిడ్ జేసన్, తమ్ముడిగా నికొలస్ లిండ్‌హర్స్ట్. దక్షిణ లండన్‌లోని పెకమ్‌లో ఒక ప్రభుత్వ అపార్టుమెంటులో ఉంటారు. మూడు చక్రాల పసుపుపచ్చ బండి. దాని నిండా ఎక్కడినుంచి వచ్చాయో అడగకూడని సరుకులు. పన్ను కట్టరు. వచ్చే ఏడాదికల్లా కోటీశ్వరులం అయిపోతామని అన్న తమ్ముణ్ని ఊరిస్తూ ఉంటాడు.

వాళ్ల పనితనం తెలియాలంటే 1982లో వచ్చిన ఒక్క సన్నివేశం చాలు. ఒక పెద్ద బంగళాలో ఖరీదైన గాజు షాండ్లియర్లు శుభ్రం చేసే పని ఒప్పుకుంటారు. వచ్చిన పనేం కాదు. అన్నదమ్ములిద్దరూ నిచ్చెనలెక్కి, దుప్పటి పరిచి పట్టుకుని, షాండ్లియర్ కింద సిద్ధంగా నిలబడతారు. పై అంతస్తులో తాతగారు నేలలో ఉన్న బోల్టు విప్పుతుంటాడు. ఎంత జాగ్రత్త! ఎంత ఏకాగ్రత! బోల్టు ఊడింది. వీళ్లు పట్టుకున్నది కాదు, పక్కనున్న రెండో షాండ్లియర్ నేలకూలి ముక్కలైపోయింది. అన్నదమ్ములు ఖాళీ దుప్పటి పట్టుకుని అలాగే ఉండిపోయారు. తర్వాత చెయ్యాల్సింది ఒక్కటే, పరుగు.

అంటే వీళ్లు కూడా అవతలివాళ్ల సొత్తు నాశనం చేసి పారిపోయినవాళ్లే. మరి హన్నా, డాన్‌ల మీద వచ్చే కోపం వీళ్ల మీద ఎందుకు రాదు? సలివన్ మనకు ముందే ఒక సాకు ఇచ్చేశాడు. తల్లి చనిపోయింది. తండ్రి వదిలేసి పోయాడు. చిన్న తమ్ముణ్ని అన్నే పెంచాడు. ఆ ఒక్క సంగతి తెలిశాక డెల్ ఎన్ని మోసాలు చేసినా మనకు తమ్ముడికి అన్నం పెట్టినవాడే కనిపిస్తాడు. పైగా లేమి. డబ్బు లేనివాడు చేసే చిల్లర మోసాన్ని చూసి నవ్వడానికి ప్రేక్షకుడికి మొహమాటం ఉండదు.

అయినా మొదట్లో ఆ సీరియల్‌ను కూడా పెద్దగా ఎవరూ చూడలేదు. పునఃప్రసారాలతో మెల్లగా పుంజుకుంది. 1996 డిసెంబరు 29న వచ్చిన ఎపిసోడ్‌లో, గ్యారేజీలో పడి ఉన్న పాత గడియారం 62 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయి అన్నదమ్ములు నిజంగానే కోటీశ్వరులైతే, ఆ రాత్రి 2 కోట్ల 43 లక్షల మంది చూశారు. దేశ జనాభాలో మూడో వంతు కంటే ఎక్కువ! అక్కడితో ఆపేస్తే బాగుండేదని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. 2001లో మళ్లీ తెచ్చి, ఆ డబ్బంతా పోగొట్టించారు. ఆ ఎపిసోడ్‌ను కూడా 2 కోట్ల మందికి పైగా చూశారు. చూస్తూనే తిట్టుకున్నారు. 2004లో బీబీసీ పెట్టిన ఓటింగులో బ్రిటన్‌లోకెల్లా ఉత్తమ సిట్‌కామ్‌గా మళ్లీ దీన్నే గెలిపించారు. ప్రేక్షకుల సంగతి అంత తేలిగ్గా అర్థం కాదు!

ఇక అక్కాచెల్లెళ్ల కథ. ఇది కూడా బీబీసీ త్రీదే. 2016లోనూ 2019లోనూ వచ్చిన 'ఫ్లీబ్యాగ్'. రాసి నటించింది ఫీబీ వాలర్ బ్రిడ్జ్. అక్క క్లేర్‌గా షాన్ క్లిఫర్డ్. చెల్లెలు అబద్ధాలాడుతుంది, దొంగతనం చేస్తుంది, చెయ్యకూడని పనులన్నీ చేస్తుంది. కానీ తల్లిని పోగొట్టుకుంది, ప్రాణస్నేహితురాలిని పోగొట్టుకుంది. ఇక్కడ సాకు దుఃఖం. రెండో సీజన్ మొదట్లో హోటల్లో కుటుంబమంతా భోజనానికి కూర్చున్న చోట క్లేర్‌కు గర్భస్రావం అవుతుంది. అక్క ఆ సంగతి దాస్తుంటే చెల్లెలు ఆ కష్టాన్ని తన మీద వేసుకుని, అది తనకే జరిగిందని అందరి ముందూ చెప్పేస్తుంది. అలాంటి ఒక్క అబద్ధం తర్వాత ఆమె ఎన్ని తప్పులు చేసినా లెక్కపెట్టేవాళ్లెవరు? 2019లో ఎమ్మీ అవార్డు కూడా ఇచ్చారు.

'సిబ్లింగ్స్' దగ్గరకు వస్తే ఆ సాకు కనపడదు. హన్నా ఎందుకింత స్వార్థపరురాలు అంటే, ఊరికే. డాన్ ఎందుకింత తెలివితక్కువవాడు అంటే, అంతే. కథ మన చేతికి క్షమాపణ పత్రం ఏదీ ఇవ్వదు. చూసినవాళ్లలో చీలిక ఇక్కడే వస్తుందని నా లెక్క. కారణం కావాలనుకున్నవాళ్లకు ఇది కరుకుగా, వెకిలిగా అనిపిస్తుంది. కారణాలు వినీవినీ విసిగినవాళ్లకు హాయిగా ఉంటుంది. నేను నవ్వే మొదటి జట్టులో ఉన్నాను. తప్పు చేసిన ప్రతివాడి వెనకా ఒక ఏడుపు కథ పెట్టడం ఈమధ్య మరీ ఎక్కువైంది. ఏ కష్టమూ లేకుండానే బాధ్యత తప్పించుకునేవాళ్లు మన ఇళ్లలో లేరా ఏమిటి?

అలాగని రెండో జట్టువాళ్ల మాటలన్నీ కొట్టిపారేయలేం. ఒక విమర్శ గట్టిదే. వీళ్లిద్దరి వల్ల దెబ్బతినే పక్క పాత్రలు ఆ అరగంటలో వచ్చి పోయే వస్తువుల్లా ఉంటాయి. పెకమ్‌లో అలా కాదు. అక్కడి పబ్బులో కూర్చునే ప్రతి మనిషికీ ఒక పేరుంది, ఒక నడక ఉంది, డెల్‌బాయ్‌కి టోపీ పెట్టే రోజు కూడా ఒకటుంది. దెబ్బ తిన్నవాడు తిరిగి కొట్టగలిగితేనే నవ్వు నిలబడుతుంది.

ఇంకో సంగతి. షార్లెట్ రిచీ అదే కాలంలో 'కాల్ ది మిడ్‌వైఫ్' సీరియల్‌లో బార్బరా అనే నర్సుగా నటించింది. అణకువ, దయ, చర్చి ప్రార్థనలు. ఆదివారం రాత్రి ఆ అమ్మాయిని చూసి మురిసిపోయిన పెద్దవాళ్లు పొరపాటున హన్నాను చూస్తే ఏమైపోతారో అని నాకు నవ్వొస్తుంది. నటిగా ఆమె సత్తా ఏమిటో ఈ రెంటినీ పక్కపక్కన చూస్తే తెలుస్తుంది.

బ్రిటన్ ప్రేక్షకులు ఇంత గట్టిగా మాట్లాడటానికి ఒక ఆర్థిక కారణం కూడా ఉంది. బీబీసీకి అక్కడి ఇళ్లవాళ్లు లైసెన్సు రుసుము కడతారు. 2014లో అది ఏడాదికి 145 పౌండ్ల 50 పెన్స్. నా డబ్బుతో ఈ చెత్త తీశారా అని అడిగే హక్కు తమకుందని వాళ్ల నమ్మకం. వాళ్ల ఉత్తరాలు చదవడానికి 1961లోనే బీబీసీ 'పాయింట్స్ ఆఫ్ వ్యూ' అని ఒక కార్యక్రమం పెట్టింది. ఎంతమంది చూశారన్న అంకె ఒక్కటే కాకుండా, చూసినవాళ్లకు ఎంత నచ్చిందో నూటికి మార్కులేయించి విడిగా లెక్క కడతారు. తక్కువమందే చూసినా, చూసినవాళ్లు ప్రాణం పెట్టుకున్న కార్యక్రమాలు ఆ లెక్కలో బయటపడతాయి.

బీబీసీ త్రీ అలాంటివాటికి చోటిచ్చిన చానెల్. పదహారు నుంచి ముప్పై నాలుగేళ్ల వయసువాళ్ల కోసం 2003లో పెట్టారు. ఖర్చు తగ్గించుకోవడానికి దాన్ని టీవీ నుంచి తీసేసి ఇంటర్నెట్‌కే పరిమితం చేస్తామంటే రెండు లక్షల మందికి పైగా వద్దని సంతకాలు పెట్టారు. వినలేదు. 2016 ఫిబ్రవరిలో తీసేశారు. 2022 ఫిబ్రవరిలో మళ్లీ టీవీకి తెచ్చారు. హన్నా, డాన్‌లు మాత్రం తిరిగి రాలేదు.

ఇప్పుడు చూడాలనుకునేవాళ్లకు ఒక్క సలహా. ఈ సీరియల్‌ను వారానికి అరగంట చొప్పున చూడటానికి తీశారు. ఒకే రాత్రి కూర్చుని ఆరు ఎపిసోడ్లు వరసపెట్టి చూస్తే, మూడోదానికల్లా ఆ ఇద్దరి మీద విసుగు పుట్టి మీరూ రెండో జట్టులో చేరిపోతారు. రోజుకు ఒకటి చాలు. ఇంట్లో మీ తోబుట్టువు పక్కన ఉంటే ఇంకా మంచిది, ఎవరు హన్నా, ఎవరు డాన్ అన్న గొడవ ఉచితం.

సెలవు.