సాగర్ నిండింది, మరి యాసంగికి మన తూముకు ఎన్ని తడులు?

[తెర మీద: సాగర్ గేట్ల నుంచి దూకుతున్న నీళ్లు. తర్వాత ఒక మేజర్ కాల్వ చివర, గడ్డి మొలిచిన పిల్ల కాల్వ.]

నమస్తే అన్నలు, అక్కలు. సాగర్ గేట్లు ఎత్తారని టీవీలో రాగానే మా ఇంట్లో ఫోన్లు మొదలవుతాయి. "నిండిందట కదా అల్లుడూ, యాసంగి మొత్తం వరే వేద్దామా?" అని మా మేనమామ అడుగుతాడు. మాది ఎడమ కాల్వ కింద, ఒక మేజర్ (పెద్ద కాల్వ నుంచి చీలే కాల్వ) చివర మూడెకరాలు. గేట్ల దగ్గర నీళ్లు చూస్తే మాకూ సంతోషమే. కానీ ఆ నీళ్లు మా మడిలోకి వచ్చేదాకా నాన్నకు నిద్ర పట్టదు.

2023లో వానలు మొహం చాటేశాయి. ఆ యాసంగికి ఎడమ కాల్వ కింద వరికి నీళ్లు రాలేదు. 2024లో ఆగస్టు మొదట్లో గేట్లు ఎత్తారు. 2025లో అయితే జూలై నెలాఖరుకే ఎత్తారు. రెండేళ్లు వరుసగా మంచి వరద వచ్చేసరికి ఇక కరువు లేదన్న ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంతో నారు పోసే ముందు ఒక్కసారి నాతో కూర్చొని లెక్క చూడండి.

[తెర మీద: డ్యాం బొమ్మ. 590 అడుగుల దగ్గర నీలం గీత, 510 దగ్గర ఎర్ర గీత.]

సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. కట్టినప్పుడు 408 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి ఇప్పుడు 312 దాకానే పడుతోంది. ఈ 312 అంతా మన పొలానికని అనుకుంటాం. అలా కాదు. ఈ ఎర్ర గీత, 510 అడుగులు, దీని కిందికి దించకూడదని లెక్క. అక్కడే దాదాపు 131 టీఎంసీలు ఉండిపోతాయి. అంటే నిండుకుండలో మనం ముట్టుకోగలిగేది ఓ 180. అందులోంచే కుడి కాల్వ, ఎడమ కాల్వ, పుట్టంగండి దగ్గర ఎత్తిపోసే మాధవరెడ్డి ప్రాజెక్టు, నల్లగొండ ఫ్లోరైడ్ ఊళ్ల తాగునీళ్లు, హైదరాబాద్ తాగునీళ్లు. హైదరాబాద్‌కు మూడు దశల కృష్ణా నీళ్లే ఏడాదికి 16.5 టీఎంసీలు. తాగునీళ్లు ముందు పక్కన పెట్టాకే పొలం మాట. అది న్యాయమే. మర్రిగూడ, నాంపల్లి వైపు బోరు నీళ్లు తాగి వంగిపోయిన నడుములు చూసినవాళ్లెవరూ దీనికి అడ్డు చెప్పరు.

ఇప్పుడు టీఎంసీ అంటే ఎంతో మన భాషలో చూద్దాం. వంద కోట్ల ఘనపుటడుగులు అంటే నాకూ అర్థం కాలేదు. ఇలా అనుకోండి: 23 వేల ఎకరాల్లో మోకాలి కిందికి, ఒక్క అడుగు లోతున నీళ్లు నిలబెడితే అది ఒక టీఎంసీ. యాసంగి వరికి దమ్ము నుంచి కోత దాకా అన్నీ కలిపి నాలుగు అడుగుల దాకా తాగుతుంది. అంటే ఒక టీఎంసీకి ఆరు వేల ఎకరాలు కూడా పారవు. దారిలో కాల్వ ఇంకించుకునేది ఇంకా కలపలేదు. అదే వేరుశనగ లాంటి ఆరుతడి పంటకు రెండు అడుగులు చాలు.

[తెర మీద: ఒకవైపు వరి మడి, ఇంకోవైపు వేరుశనగ చేను. రెండిటి మధ్య లెక్క.]

మన తెలంగాణలో ఎడమ కాల్వ కింద ఆయకట్టు ఆరు లక్షల ఎకరాలు దాటుతుంది. హాలియా నుంచి కోదాడ దాకా, ఆపైన ఖమ్మం వైపు కూడా. అంతా యాసంగి వరే వేస్తే పొలంలో పారడానికే వంద టీఎంసీలకు పైన కావాలి. పైన చెప్పిన 180ని ఇంతమంది పంచుకుంటుంటే వంద మన ఒక్క కాల్వకే ఎలా వస్తుంది? అందుకే ఈ కాల్వను మొదట్లో మాగాణి, ఆరుతడి రెండూ కలిపే లెక్కగట్టారు. వరి మనం తర్వాత పెంచుకున్నాం. మిర్యాలగూడలో మిల్లులు వచ్చాయి, చింట్లు అనే సన్నవడ్లను పచ్చిగానే కొనే బేరం దొరికింది, రైతు వరి వైపు పోవడంలో తప్పు లేదు.

నీళ్లు ఎవరు పంచుతారంటే, ముందు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు రాష్ట్రాల మధ్య. 2014లో విభజన చట్టంతో వచ్చిన కృష్ణా నదీ యాజమాన్య బోర్డు ఆ పని చూస్తుంది. బోర్డు సభ్య కార్యదర్శి, రెండు రాష్ట్రాల ఇంజినీర్ ఇన్ చీఫ్‌లు కూర్చొని ఎవరికెన్ని టీఎంసీలో తేల్చుకుంటారు. తర్వాత మన రాష్ట్ర అధికారుల కమిటీ ఏ ప్రాజెక్టు కింద ఎన్ని ఎకరాలకు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని నిర్ణయిస్తుంది. మనం పట్టుకోవాల్సిన కాగితం ఇదే. సాగర్ మట్టం కాదు.

ఇక నేను ఈ వీడియో చేయడానికి అసలు కారణం చెప్తాను. గేట్ల మీంచి పోయే నీళ్లు, గేట్లు దించాక మిగిలే నీళ్లు ఒకటి కావు. వరద దూకుతున్న రోజుల్లో కాల్వలో ఎంత వదిలినా డ్యాంలో తగ్గదు. పైనుంచి వచ్చేది కింది సముద్రంలోకి ఎలాగూ పోతోంది. అప్పుడే చెరువులు నింపుకోవాలి, కుంటలు నింపుకోవాలి, చివరి భూములదాకా నీళ్లు కొట్టాలి. చెరువు నిండితే కింది బోర్లు, బావులు యాసంగిలో ఊరతాయి. మా ఊరి చెరువు మత్తడి పోసిన ఏడు మా బోరు మార్చి దాకా ఆగకుండా పోసింది.

గేట్లు దించిన రోజు నుంచి కథ మారుతుంది. ఆ రోజు డ్యాంలో ఉన్నదే మన యాసంగి. అప్పటికి వానకాలం వరి ఇంకా పొలంలోనే ఉంటుంది. సెప్టెంబర్‌లోనో అక్టోబర్‌లోనో ఆయకట్టు మీద నాలుగు మంచి వానలు పడితే, మడులు నిండి ఉండగా తూము అలాగే తెరిచి ఉంచుతాం. నీళ్లు వాగులో కలుస్తాయి. ఆ నాలుగు రోజులు షట్టర్ దించితే ఎంత మిగులుతుందో చూడండి: ఎడమ కాల్వ పూర్తి సామర్థ్యం 11 వేల క్యూసెక్కులు. అలా ఒక్క రోజు పారితే దాదాపు ఒక టీఎంసీ. అలా ఆ నాలుగు రోజులు ఆపితే డ్యాంలో మిగిలేది యాసంగిలో ఒక తడికి ఆసరా అవుతుంది.

[తెర మీద: లష్కర్ షట్టర్ దించుతున్న చేతులు, దగ్గరి నుంచి.]

ఈ పని చేసే లష్కర్లు తక్కువయ్యారు. ఒక్కడు ఎన్ని తూములని తిరుగుతాడు? మా దగ్గర వాన పడగానే మేమే ఫోన్ చేసి చెప్తున్నాం.

ఇంకో మాట. నాట్లు ఎంత ముందుకు జరిగితే అంత మంచిది. వానకాలం వరి నవంబర్‌లో కోసేసి యాసంగి నారు వెంటనే పోస్తే మార్చి చివరికి గింజ గట్టిపడుతుంది. జనవరి చివర్లో నాటితే ఏప్రిల్ ఎండలో నీళ్లు కావాలి. అప్పుడు మడి తాగేదీ ఎక్కువ, కాల్వ ఆపే తేదీ కూడా దగ్గరపడుతుంది. ఒక యాసంగిలో మాకు అదే జరిగింది. వంతుల వారీగా నీళ్లిస్తామన్నారు. పై రైతుల మోటార్లు దాటి మా వంతు రాలేదు. వరి పొట్ట మీద ఉంది. పద్నాలుగు రోజులు చూశాం. చివరికి రెండెకరాలు బర్రెలకు వదిలేశాం. నాన్న ఆ పొలం వైపు నెల రోజులు పోలేదు. పైనున్న రైతును నేను తిట్టను. అతని మడీ నెర్రెలు బారుతోంది. కానీ చివరి భూమి వాడికి ముందే తెలియాలి కదా, ఎన్ని తడులని.

మహబూబ్‌నగర్ వైపు చూసేవాళ్లకు లెక్క కొంచెం వేరు. జూరాల పట్టేది 9.66 టీఎంసీలే. వరద ఆగితే త్వరగా ఖాళీ అవుతుంది. భీమా, నెట్టెంపాడు, కోయిల్‌సాగర్ ఎత్తిపోతలు జూరాల మీద, కల్వకుర్తి శ్రీశైలం మీద ఆధారపడి ఉన్నాయి. అక్కడ వరద రోజుల్లో మోటార్లు నడిపి చెరువుల్లో పోసుకున్నదే యాసంగికి గట్టి నమ్మకం.

మీరు నీటిపారుదల శాఖ సెక్షన్ ఆఫీసుకు పోయినప్పుడు "నీళ్లిస్తారా" అని అడగకండి. ఇస్తామనే అంటారు. మా మేజర్‌కు ఎన్ని తడులు, ఎన్ని రోజులు వదిలి ఎన్ని రోజులు ఆపుతారు, ఆఖరి తడి ఏ తేదీ అని అడగండి. ఆఖరి తడి తేదీ నుంచి వెనక్కి లెక్కేసి నాటు తేదీ పెట్టుకోండి. చెల్క భూమి అయితే ఆపిన రోజుల్లో తట్టుకోదు, రేగడి కొంచెం ఆగుతుంది. అది మీకే బాగా తెలుసు.

[తెర మీద: మా పొలం. ఒక ఎకరంలో వరి నారు, పక్కన దున్నిన దుక్కి.]

మేమైతే ఈసారి బోరు దగ్గరి ఎకరంలోనే వరి పెడుతున్నాం. కాల్వను నమ్ముకున్న రెండెకరాల్లో వేరుశనగ. మామ ఇంకా ఒప్పుకోలేదు. రేపు ఆయన్ను వెంటబెట్టుకొని సెక్షన్ ఆఫీసుకు పోతున్నా.