నలకూబరుడి పేరు, నిప్పు చక్రాల పిల్లాడు: చైనా నేజా కథ

(తెర మీద: నల్లటి ఆకాశం. దూరంగా రెండు నిప్పు చుక్కలు. దగ్గరికి వచ్చేకొద్దీ అవి గిర్రున తిరుగుతున్న చక్రాలని తెలుస్తుంది.)

రెండు నిప్పు చక్రాల మీద నిలబడి ఆకాశంలో దూసుకుపోయే ఏడేళ్ల పిల్లాడు. చేతిలో మొన మండుతున్న ఈటె, మెడలో బంగారు వలయం, భుజాల మీద ఎర్ర పట్టుగుడ్డ, నెత్తి మీద రెండు పిలకలు. చైనాలో ఏ పిల్లల్ని అడిగినా పేరు చెప్పేస్తారు. నేజా.

2025లో ఈ పిల్లాడి మీద వచ్చిన సినిమా ప్రపంచమంతా కలిపి 200 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. అప్పటిదాకా ఏ యానిమేషన్ సినిమాకూ అంత డబ్బు రాలేదు. ఇవాళ నేను చెప్పబోయేది మాత్రం అంతకు 22 ఏళ్ల ముందు టీవీలో వచ్చిన ఒక సీరియల్ గురించి, ఆ పిల్లాడి పేరు వెనకున్న ప్రయాణం గురించి. ఎందుకంటే ఆ పేరు మనకు పరాయిది కాదు. అది నలకూబరుడి పేరు.

అవును, కుబేరుడి కొడుకు నలకూబరుడే. తిరుమల వేంకటేశ్వరస్వామి పెళ్లికి అప్పిచ్చిన ఆ కుబేరుడి కొడుకే.

(తెర మీద: రేపల్లె. రోలుకు కట్టేసిన బాలకృష్ణుడు.)

ముందు మన నలకూబరుణ్ణి ఒకసారి గుర్తు చేసుకుందాం. భాగవతం దశమ స్కంధంలో యశోదమ్మ కొడుకు అల్లరికి విసిగిపోయి రోలుకు కట్టేస్తుంది. ఎంత తాడు తెచ్చినా రెండు వేళ్ల మేర తక్కువే పడుతుంది. చివరికి తల్లి అలిసిపోయిందని కృష్ణుడే కట్టించుకుంటాడు. తర్వాత రోలు ఈడ్చుకుంటూ పాకి, జంట మద్ది చెట్ల మధ్యలోంచి దూరతాడు. రోలు అడ్డం తిరుగుతుంది. ఒక్క గుంజు గుంజేసరికి చెట్లు రెండూ పెళపెళా విరిగి పడతాయి. వాటిలోంచి ఇద్దరు దివ్యపురుషులు బయటికొచ్చి దండం పెడతారు. వాళ్లే నలకూబరుడు, మణిగ్రీవుడు. ఒకప్పుడు కళ్లు నెత్తికెక్కి అప్సరసలతో జలక్రీడలాడుతున్నప్పుడు నారదుడు అటుగా వచ్చాడు. ఒంటి మీద గుడ్డ లేదన్న సిగ్గు కూడా పడలేదు. అందుకే చెట్లయిపొమ్మన్న శాపం.

రామాయణం ఉత్తరకాండలోనూ ఉన్నాడు. తన దగ్గరికి వస్తున్న రంభను రావణుడు దారిలో చెరబట్టాడని తెలిసి, ఇష్టపడని స్త్రీని ముట్టుకుంటే తల పగిలిపోతుందని రావణుణ్ణి శపించింది నలకూబరుడే. లంకలో సీతమ్మ జోలికి రావణుడు పోలేకపోవడం వెనక ఈ శాపం ఉంది. ఇక పింగళి సూరన కళాపూర్ణోదయంలో ఈయన అందమే కథను నడిపిస్తుంది. అంటే మనకు నలకూబరుడు అందగాడు, రసికుడు, శాపాల మనిషి. నిప్పు చక్రాల మీద తిరిగే ఏడేళ్ల పిల్లాడు కాదు. మరి అక్కడ అలా ఎలా మారాడు?

(తెర మీద: పాత టీవీ సెట్టు. అందులో రంగురంగుల కార్టూన్.)

2003లో చైనా ప్రభుత్వ టీవీ సీసీటీవీ 52 భాగాల యానిమేషన్ సీరియల్ ఒకటి తీసుకొచ్చింది. దాని పేరుకు 'నేజా గాథ' అని అర్థం చెప్పుకోవచ్చు. ఇప్పుడు ముప్పైల్లో ఉన్న చైనావాళ్లలో చాలామంది బడి నుంచి వచ్చి బ్యాగు పడేసి ఇది చూస్తూ పెరిగారు. కథకు మూలం 16వ శతాబ్దంలో, మింగ్ వంశ కాలంలో రూపు దిద్దుకున్న ఫెంగ్‌షెన్ యెన్‌యి అనే పెద్ద గ్రంథం. షాంగ్ వంశపు ఆఖరి రాజు అన్యాయం, అతన్ని ఆడించే డాజీ అనే నక్క మాయలాడి, ఆ రాజ్యాన్ని కూల్చే యుద్ధం, అందులో పాల్గొన్న దేవతలు, మునులు, రాక్షసులు. మన భారతంలాగే ఎటు చూసినా ఉపకథలు. నేజా అందులో ఒక పాత్ర మాత్రమే.

సీరియల్ వాళ్లు ఆ పిల్లాణ్ణి తీసుకొచ్చి మధ్యలో నిలబెట్టారు. చుట్టూ మిగతా పురాణాలన్నీ పేర్చారు. మట్టితో మనుషుల్ని చేసిన నువా దేవి, సూర్యుడితో ముడిపడిన మూడు కాళ్ల పక్షి అన్నీ వస్తాయి. మూలంలో నేజాకు సముద్రపు డ్రాగన్ రాజు బద్ధశత్రువు. సీరియల్లో ఆ డ్రాగన్ ఇంటి అమ్మాయినే నేజాకు స్నేహితురాలిని చేశారు. పిల్లల కథకు అది చాలా మంచి మార్పు.

ఒక మార్పు మాత్రం నాకు బాధగా అనిపిస్తుంది. షిజీ అనే రాతి దేవత సీరియల్లో పెద్ద విలన్. మూలంలో ఆమె కథ వేరు. నేజా సరదాకి తండ్రి కోటలో ఉన్న విల్లు తీసి బాణం వేస్తాడు. అది ఎక్కడో కొండ మీద ఆమె శిష్యుడికి తగిలి అతను చచ్చిపోతాడు. న్యాయం అడగడానికి వచ్చిన షిజీని నేజా గురువు తాయీ నిప్పుల్లో మాడ్చి, ఆమె అసలు రూపమైన రాయిగా మార్చేస్తాడు. అది చదివినప్పుడల్లా నా మనసు ఆమె పక్షానే ఉంటుంది. మూలంలో నేజా అమాయకుడు కాడు. అతని చేతుల్లో జనం చచ్చిపోతారు.

(తెర మీద: చెన్‌టాంగ్ కోట. వాగు ఒడ్డున పిల్లాడు.)

ఇప్పుడు అసలు కథ. చెన్‌టాంగ్ కోటకు లీ జింగ్ సేనాపతి. భార్య మూడేళ్ల ఆరు నెలలు మోసి కంటుంది. పుట్టింది బిడ్డ కాదు, ఒక మాంసపు ముద్ద. రాక్షసమాయ అనుకుని తండ్రి కత్తి దూసి నరుకుతాడు. ముద్ద చీలి, లోపలి నుంచి చేతికి బంగారు వలయం, ఒంటికి ఎర్ర పట్టుగుడ్డతో పిల్లాడు గెంతుతాడు. గమనించారా, ఈ బిడ్డకు తగిలిన తొలి స్పర్శ తండ్రి కత్తిది.

ఏడేళ్లప్పుడు ఎండ తట్టుకోలేక వాగులో దిగి, ఆ పట్టుగుడ్డను నీళ్లలో జాడిస్తాడు. కింద తూర్పు సముద్రపు డ్రాగన్ రాజు కోట ఊగిపోతుంది. ఏమిటా గొడవని చూడ్డానికి ఒక కాపలావాడు పైకొస్తాడు. చైనా భాషలో అతన్ని 'యెచా' అంటారు. అది మన యక్షుడు అన్న మాటే, బౌద్ధ గ్రంథాల వెంట అక్కడికి చేరింది. పిల్లాడు వాణ్ణి వలయంతో కొట్టి చంపేస్తాడు. యక్షులకు రాజు ఎవరు? కుబేరుడు. కుబేరుడి కొడుకు పేరు మోస్తున్న పిల్లాడు మొదట చంపింది ఒక యక్షుణ్ణి!

తర్వాత డ్రాగన్ రాజు మూడో కొడుకు ఆవ్ బింగ్ వస్తాడు. నేజా అతన్నీ చంపి, వెన్నులోంచి నరం లాగి, నాన్నకు నడుముకు కట్టుకునే పట్టీ చేసిద్దామనుకుంటాడు. పిల్లాడి మనసు చూడండి. ఎంత ఘోరం చేశాడో తెలియదు, నాన్నకు బహుమతి ఇవ్వాలని మాత్రం తెలుసు.

నలుగురు డ్రాగన్ రాజులూ కోట మీదికి వస్తారు. తల్లిదండ్రులను బలి కోరతారు. అప్పుడు నేజా, నా తప్పుకు నేనే చెల్లిస్తానని, తన మాంసం తల్లికి, ఎముకలు తండ్రికి తిరిగి ఇచ్చేసి ప్రాణం తీసుకుంటాడు. కన్నవాళ్ల రుణం అక్షరాలా ఒంటితో తీర్చేశాడు. తల్లి చాటుగా కట్టించిన గుడిని కూడా తండ్రి తగలబెట్టిస్తాడు. ఇక గురువు తామర పూలు, ఆకులతో కొత్త ఒళ్లు చేసి ప్రాణం పోస్తాడు. కొత్త ఒళ్లు తల్లిదండ్రులిచ్చింది కాదు. రుణం లేదు. లేచీ లేవగానే నేజా ఈటె పట్టుకుని తండ్రిని చంపడానికి బయల్దేరతాడు.

తల్లిదండ్రుల మాట వేదవాక్కు అనుకునే సమాజంలో ఇలాంటి కథ ఎలా బతికి బట్టకట్టింది? దానికి జవాబు లీ జింగ్ చేతిలో ఉంది.

(తెర మీద: లీ జింగ్ విగ్రహం. అరచేతిలో చిన్న గోపురం. కెమెరా నెమ్మదిగా ఆ గోపురం దగ్గరికి.)

చైనా గుడుల్లో లీ జింగ్ ఎప్పుడూ అరచేతిలో చిన్న స్తూపం పట్టుకుని ఉంటాడు. కథ ప్రకారం కొడుకు తరుముతుంటే ఒక ముని ఆ స్తూపాన్ని ఇస్తాడు. అది నేజాను లోపల బంధించి కాలుస్తుంది. ఆ భయంతోనే కొడుకు లొంగుతాడు. తండ్రి అది చేతిలోంచి దించితే తన ప్రాణానికి గ్యారంటీ లేదు.

కానీ చరిత్ర దీనికి తలకిందులు. స్తూపం ముందు, కథ తర్వాత. కుబేరుడికి వైశ్రవణుడనే పేరుంది కదా, విశ్రవసుడి కొడుకు కాబట్టి. బౌద్ధం ఆయన్ని ఉత్తర దిక్కు కాపలా రాజుగా తీసుకుంది. మధ్య ఆసియా దాటి చైనా చేరేసరికి మన బొజ్జ కుబేరుడు కవచం తొడిగి, చేతిలో స్తూపం పట్టిన యోధుడయ్యాడు. లీ జింగ్ అనే మనిషి నిజంగా ఉన్నాడు. తాంగ్ వంశపు గొప్ప సేనాపతి, 649లో చనిపోయాడు. కాలం గడిచేకొద్దీ జనం మనసులో ఆ సేనాపతి, ఈ వైశ్రవణుడు కలిసిపోయారు. స్తూపం లీ జింగ్ చేతికి వచ్చేసింది. యోధుడి చేతిలో స్తూపమెందుకు అన్న ప్రశ్నకు, కొడుకంటే భయం కాబట్టి అని కథ జవాబు చెప్పింది. నన్ను అడిగితే ఈ మొత్తంలో అన్నిటికంటే అద్భుతం ఇదే.

తండ్రితో పాటే కొడుకూ వెళ్లాడు. అమోఘవజ్రుడు (705-774) లాంటి బౌద్ధాచార్యుల పేరున ఉన్న చైనా గ్రంథాల్లో వైశ్రవణుడి సంతానంగా నేజా కనిపిస్తాడు. నలకూబర అన్న పేరును చైనా లిపిలో అక్షరం అక్షరం రాసుకుంటే 'నజా-జు-ఫా-లువో' లాంటిది వచ్చింది. అంత పొడుగు పేరు ఎవరు పిలుస్తారు? మనం వెంకట సుబ్బారావును సుబ్బు చేసినట్టు మొదటి ముక్క మిగిల్చి తోక కత్తిరించేశారు.

ఒక చిన్న కథ ఉంది, నాకు చాలా ఇష్టం. తాంగ్ వంశపు రాజధాని చాంగాన్ నగరంలో దావ్‌శ్వెన్ అనే బౌద్ధ భిక్షువు రాత్రి నడుస్తూ మెట్ల మీద కాలు జారాడు. పడబోతుంటే చీకట్లో ఎవరో పట్టుకున్నారు. చూస్తే ఒక కుర్రాడు. నేను వైశ్రవణుడి కొడుకు నేజాను, మీకు కాపలాగా ఉంటున్నాను అన్నాడు. నిప్పు లేదు, ఈటె లేదు. ముసలాయన పడకుండా పట్టుకున్న చెయ్యి, అంతే.

టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో పనిచేసే మైర్ షహార్ అనే పరిశోధకుడు ఇంకో అడుగు ముందుకేశారు. నేజాలో నలకూబరుడితో పాటు బాలకృష్ణుడు కూడా కలిశాడని ఆయన వాదన. నీళ్లలో దిగి కాళియుణ్ణి అణచిన పిల్లాడు, నీళ్లలో దిగి డ్రాగన్ కొడుకును చంపిన పిల్లాడు. బౌద్ధ గ్రంథాల్లోని నాగరాజులే చైనాలో డ్రాగన్ రాజులయ్యారు కాబట్టి పోలిక బలంగానే ఉంది. మద్ది చెట్ల ఘట్టంలో ఇద్దరూ ఒకేచోట ఉన్నారు కూడా. దీన్ని తేలిపోయిన విషయం అనను, కానీ నాకు నమ్మాలనిపిస్తుంది.

అయినా ఒక మాట గట్టిగా చెప్పాలి. 'చూశారా, అంతా మనదే' అనడానికి ఈ వీడియో చేయడం లేదు. పేరు ఇక్కడి నుంచి వెళ్లింది, వంశం వెళ్లింది. మాంసం తల్లికి, ఎముకలు తండ్రికి ఇచ్చిన పిల్లాడు మాత్రం వాళ్ల సృష్టే. ఆ ఘట్టం మన నలకూబరుడి కథల్లో ఎక్కడా లేదు.

(తెర మీద: వాన. నేల మీద పడి ఉన్న కత్తి.)

అందుకే చైనాలో ప్రతి తరం ఆ ఘట్టాన్నే మళ్లీ మళ్లీ గీసుకుంది. 1979లో షాంఘై యానిమేషన్ స్టూడియో 65 నిమిషాల సినిమా తీసింది. మరుసటి ఏడాది కాన్ చిత్రోత్సవంలో కూడా ప్రదర్శించారు. అందులో తండ్రి కత్తి ఎత్తుతాడు, కొడుకును నరకలేక వదిలేస్తాడు. పిల్లాడు ఆ కత్తే తీసుకుని, వెనక్కి తిరిగి, తనే గొంతు కోసుకుంటాడు. వాన, ఉరుములు, విడిపోయిన జుట్టు. రక్తం పెద్దగా చూపించరు. మా అక్క కూతురితో కలిసి చూశాను. అది ఏడవలేదు. నా వైపు తిరిగి, "మామయ్యా, వాళ్ల నాన్న ఎందుకు ఆపలేదు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

2003 సీరియల్లో నేజా దేశం కోసం పోరాడే చిట్టి వీరుడు. తండ్రీకొడుకుల గొడవ కంటే దుర్మార్గపు రాజు మీద పోరే పెద్దది. ఇక 2019 సినిమా ఆ పాప ప్రశ్నకే జవాబు రాసినట్టుంటుంది. దాని దర్శకుడు జియావ్‌జీ మందుల తయారీ చదువు చదివి, అది వదిలేసి యానిమేషన్‌కు వచ్చిన మనిషి. ఆయన లీ జింగ్ కత్తి ఎత్తడు. పిడుగుపాటుకు చావబోయే కొడుకు స్థానంలో తాను చావడానికి రహస్యంగా ఏర్పాటు చేసుకుంటాడు. పుట్టగానే నరకబోయిన తండ్రి, నాలుగు వందల ఏళ్ల తర్వాత కొడుకు కోసం ప్రాణమివ్వడానికి సిద్ధపడ్డాడు. 2025 సినిమా దీనికి కొనసాగింపు.

చూడాలనుకుంటే నా సలహా ఇది. పెద్దవాళ్లు 1979 సినిమాతో మొదలుపెట్టండి, గంట పనే. పదేళ్ల లోపు పిల్లలకు ముందు 2003 సీరియల్ చూపించండి. బొమ్మలు ఇప్పటి కంటికి పాతగా అనిపిస్తాయి, కథ మాత్రం లాక్కుపోతుంది. తర్వాత 2019 సినిమా. ఆ గొంతు కోసుకునే సీన్ ఉన్న పాత సినిమా చిన్నపిల్లలకు ఒంటరిగా పెట్టి వదిలేయకండి. పక్కన కూర్చోండి. అయిపోయాక మద్ది చెట్ల కథ కూడా చెప్పండి, రోలుతో సహా.

(తెర మీద: విరిగి పడ్డ రెండు మద్ది చెట్లు. వాటి మధ్యలోంచి నిప్పు చక్రాల జాడ ఆకాశంలోకి.)