2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ రివ్యూ: దాక్కున్నవాడు గట్టెక్కితే కనపడతాడా, కనపడడా?

నమస్కారమండీ. ముందే చెప్పేస్తున్నాను, ఈ కాపీ ఒక ఆన్‌లైన్ షాపువాళ్ళు రివ్యూ కోసం ఉచితంగా పంపారు. డబ్బులేమీ తీసుకోలేదు, వీడియో కూడా వాళ్ళు మీతోపాటే చూస్తారు. పుస్తకం డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్, టేబుల్ చుట్టూ కూర్చుని తలో పాత్ర వేసుకుని డైస్‌తో ఆడే ఆట) 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్. 384 పేజీలు, 12 క్లాసులు (పాత్రల రకాలు), 48 సబ్‌క్లాసులు. బొమ్మలు బాగున్నాయి, బైండింగ్ గట్టిగా ఉంది. ఇవన్నీ ఈపాటికి ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు కాబట్టి నేను వాటి జోలికి పోను. మనం మాట్లాడుకునేది ఫైట్ రూల్స్ గురించి. అందులోనూ సగం వీడియో ఒక్క రూలు దగ్గరే ఆగుతుంది. అదే హైడ్, దాక్కునే రూలు.

ఎందుకంటే రాజమండ్రిలో ఆడండి, భీమవరంలో ఆడండి, అమలాపురంలో ఆడండి, రోగ్ (దొంగ తరహా పాత్ర) ఉన్న ప్రతి టేబుల్ దగ్గరా గొడవ వచ్చేది ఇక్కడే.

ఒక సీను వేసుకుందాం. గోదారి పాయ మధ్యలో ఒక లంక. ఇటు కొబ్బరితోట, అటు ఎత్తైన గట్టు. అంగుళం గళ్ళ చార్టు పేపరు మీద గీసుకోండి, గడికి 5 అడుగులు. గట్టు మీద ముగ్గురు గాబ్లిన్లు (పొట్టి రాక్షసులు), వాళ్ళకి చింతపిక్కలు పెట్టుకోండి చాలు. ఇసుకలో బోర్లించిన నాటుపడవ, దాని వెనక మన రోగ్. పడవ పూర్తిగా అడ్డం ఉంది కాబట్టి అది టోటల్ కవర్. రోగ్‌ది మూడో లెవెల్, డెక్స్‌టెరిటీ 16, స్టెల్త్‌లో (చాటుగా మసలడంలో) ఎక్స్‌పర్టీజ్, అంటే రెట్టింపు ప్రావీణ్యం ఉంది. అంటే డైస్‌కి కలిపేది మొత్తం ప్లస్ 7. ఇరవై ముఖాల డైస్ మీద 12 పడింది, 19 వచ్చింది. హైడ్‌కి కావాల్సింది 15. దాక్కున్నాడు. రూలు ప్రకారం అతనికిప్పుడు ఇన్విజిబుల్ (కనపడని) కండిషన్ వచ్చింది. ఇక్కడిదాకా ఎవరికీ పేచీ లేదు.

ఇప్పుడు రోగ్ ఆడే కుర్రాడు అంటాడు, "అన్నా, నేను ఇన్విజిబుల్ కదా, గట్టెక్కి గాబ్లిన్ల మధ్యలోంచి నడుచుకుంటూ అవతలికి పోతాను." డీఎం (ఆట నడిపేవాడు) అంటాడు, "ఒరేయ్, మిట్టమధ్యాహ్నం రా, ఎండలో ఎలా కనపడవు?" ఇక ఆట ఆగిపోయింది. పుస్తకం తెరుస్తారు.

తెరిస్తే ఏముందండీ? దాక్కోవడం గురించి మొదటి అధ్యాయంలో ఓ ముక్క. హైడ్ యాక్షన్ వెనకాల రూల్స్ గ్లాసరీలో. ఇన్విజిబుల్ కండిషన్ అదే గ్లాసరీలో ఇంకో పేజీలో. మూడు చోట్ల మూడు వేళ్ళు పెట్టుకుని చదవాలి. హైడ్ ఎప్పుడు పోతుందో నాలుగు కారణాలు రాశారు: గుసగుస కన్నా పెద్ద శబ్దం చేస్తే, శత్రువు నిన్ను కనిపెడితే, అటాక్ రోల్ వేస్తే, నోటితో మంత్రం చదవాల్సిన స్పెల్ వేస్తే. అంతే. చాటు వదిలి బయటికొస్తే ఏమవుతుందో ఈ నాలుగింట్లో లేదు.

కుర్రాడి వాదన తీసిపారేసేది కాదండీ. నీ స్టెల్త్ మొత్తం రాసిపెట్టుకో, నిన్ను కనిపెట్టడానికి శత్రువు వేసే పర్సెప్షన్ (గమనింపు) చెక్‌కి అదే డీసీ, అంటే అందుకోవాల్సిన అంకె అని పుస్తకమే చెబుతోంది. ఆ చెక్ వేయాలంటే సెర్చ్ యాక్షన్ వాడాలి. గాబ్లిన్‌కి పర్సెప్షన్ మైనస్ 1. అంటే 19 అందుకోవాలంటే డైస్ మీద 20 పడాల్సిందే. యాక్షన్ మొత్తం ఖర్చుపెట్టినా ఇరవైలో ఒక్క అవకాశం. ఇలా అక్షరం పట్టుకుని ఆడితే మూడో లెవెల్ రోగ్ పట్టపగలు కోట గుమ్మంలోంచి కాపలావాళ్ళ ముందే దర్జాగా వెళ్ళిపోవచ్చు. రెండో లెవెల్ స్పెల్ ఇన్విజిబిలిటీ చేసే పని, స్లాటు (రోజుకిన్ని అని ఉండే మంత్రాల కోటా) ఖర్చు లేకుండా అయిపోతుంది.

డీఎం వైపూ బలం ఉంది. దాక్కోవడానికి పరిస్థితి ఎప్పుడు అనుకూలమో డీఎం నిర్ణయిస్తాడని మొదటి అధ్యాయం ముక్కలో ఉంది. హైడ్ చేసేటప్పుడు ఏ శత్రువు చూపూ నీ మీద పడకూడదని గ్లాసరీలోనూ ఉంది. కళ్ళెదుట నిలబడ్డవాణ్ణి కనిపెట్టడానికి డైస్ ఎందుకని ఆయన అడుగుతాడు. అదీ సబబే.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, దీనికి జవాబు 2014 పుస్తకంలో ఉంది! ఫైట్‌లో అందరూ చుట్టూ అప్రమత్తంగా ఉంటారు, కాబట్టి చాటు వదిలి దగ్గరికొస్తే సాధారణంగా చూసేస్తారు, కాకపోతే శత్రువు ధ్యాస ఇంకోచోట ఉంటే డీఎం ఒప్పుకోవచ్చు అని, రెండు వాక్యాల్లో చక్కగా చెప్పారు. 2024లో ఆ రెండు వాక్యాలూ ఎత్తేశారు. పదేళ్ళ పాటు లక్షణంగా పనిచేసినదాన్ని తీసేసి, ఆ చోట ఖాళీ వదిలేశారు. అంతకుముందు 2003లో వచ్చిన 3.5 ఎడిషన్ ఇంకా ముక్కుసూటి: ఎవరైనా యథాలాపంగా చూస్తున్నా సరే, నువ్వు దాక్కోలేవు.

పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ చూడండి, ఇలాంటిదే ఇంకో ఆట, 2019లో వచ్చింది. వాళ్ళు దీన్ని ముక్కలు చేసి పెట్టారు. అబ్జర్వ్‌డ్ అంటే కనపడుతున్నాడు. హిడెన్ అంటే ఏ గడిలో ఉన్నాడో తెలుసు, మనిషి కనపడడు. కొట్టాలంటే ముందు డైస్ మీద 11 రావాలి. అన్‌డిటెక్టెడ్ అంటే గడి కూడా తెలీదు. స్నీక్ చేస్తూ సగం స్పీడుతో కదులుతావు. కదలిక అయ్యేసరికి కవరూ లేక, మసక మరుగూ లేకపోతే నువ్వు అబ్జర్వ్‌డ్. అయిపోయింది, పేచీ లేదు. పైగా అర్థం రెండు రకాలుగా వచ్చే రూళ్ళ గురించి వాళ్ళ పుస్తకంలోనే విడిగా రాశారు: ఒక అర్థం మరీ లాభంగా అనిపిస్తే అది తప్పయి ఉండడానికే ఎక్కువ అవకాశం, అందరూ కూర్చుని పరిష్కరించుకోండి అని. ఈ ఒక్క పేరా ఏ ఆటకైనా తెచ్చుకుని వాడుకోవచ్చండీ.

సరే, టేబుల్ దగ్గర ఏం చేయాలి? నేను వాడేది చెబుతాను. రోగ్ చాటు వదిలి అదే టర్నులో కొడితే, ఆ శత్రువు అప్పటికే మనవాళ్ళెవరితోనో తలపడుతుంటే, మొదటి దెబ్బకి అడ్వాంటేజ్ (డైస్ రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం) ఇవ్వండి. టర్ను ముగిసేసరికి వెలుతుర్లో, ఏ చాటూ లేకుండా నిలబడి ఉంటే దొరికిపోయినట్టే, చెక్ అక్కర్లేదు. ఫైట్ ఇంకా మొదలుకాలేదు, కాపలావాడు ఇటే చూస్తున్నాడంటే, అడుగు బయట పెట్టగానే దొరుకుతాడు. కొబ్బరి మొద్దు చాటున సగం కనపడుతున్నాడనుకోండి, అప్పుడు స్టెల్త్ మొత్తాన్ని శత్రువు పాసివ్ పర్సెప్షన్‌తో (డైస్ వేయకుండానే ఉండే గమనింపు అంకెతో) పోల్చండి. గాబ్లిన్‌కి అది 9, మన రోగ్‌కి 19, కాబట్టి తప్పించుకుంటాడు. వాడు అనుమానంతో సెర్చ్ చేస్తే అప్పుడు డైస్ వేయించండి.

ఇదే తీర్పు గాబ్లిన్లకీ వర్తించాలి. వాళ్ళకి నింబుల్ ఎస్కేప్ ఉంది, బోనస్ యాక్షన్‌తో హైడ్ చేసేస్తారు, స్టెల్త్ ప్లస్ 6. కుర్రాడి వాదన ఒప్పుకున్న టేబుల్ దగ్గర, ఆరుగురు గాబ్లిన్లు ప్రతి రౌండూ మాయమై వచ్చి పొడుస్తుంటే విజార్డ్ గతి ఏంటో ఆలోచించండి. తీర్పు చెప్పే ముందు అవతలి పక్షానికి కూడా ఓసారి వేసి చూడండి, తేడా అక్కడే బయటపడుతుంది.

రోగ్‌కి అన్యాయం జరుగుతుందంటారా? లెక్క చూడండి. 11 గానీ ఆపైన గానీ పడితే తగిలే దెబ్బకి అవకాశం 50 శాతం. అడ్వాంటేజ్ ఉంటే 75. చిన్న లాభం కాదు, అందుకే ఊరికే ఇవ్వకూడదు. ఇక స్నీక్ అటాక్ (రోగ్‌కి ఉండే అదనపు దెబ్బ) అంటారా, దానికి హైడ్ ఒక్కటే దారి కాదు. డిస్‌అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి చిన్నది తీసుకోవడం) లేకుండా ఉండి, మనవాడొకడు శత్రువుకి 5 అడుగుల్లో నిలబడితే చాలు, ఆ 2డీ6, అంటే ఆరు ముఖాల డైస్ రెండు, వచ్చేస్తుంది.

బాగుచేసినవీ ఉన్నాయండోయ్. సర్‌ప్రైజ్ అయితే మొదటి టర్ను పోయేది, ఇప్పుడు ఇనిషియేటివ్‌కి (ఎవరి వంతు ముందో తేల్చే డైస్‌కి) డిస్‌అడ్వాంటేజ్ మాత్రమే. ఒక టర్నులో ఒక్క స్పెల్ స్లాటే ఖర్చు పెట్టాలి, బోనస్ యాక్షన్ స్పెల్ తిరకాసు పోయింది. ఉత్త చేతి గుద్దుకి డివైన్ స్మైట్ (పాలడిన్ దైవబలంతో కలిపే అదనపు దెబ్బ) వస్తుందా రాదా అనే పాత తగాదా కూడా తీరింది, వస్తుందని రాసేశారు.

ఆపర్చునిటీ అటాక్, అంటే దగ్గర్నుంచి తప్పుకుపోయేవాణ్ణి కొట్టే దెబ్బ, మాత్రం ఇంకో కొత్త పేచీ తెచ్చింది. 3.5 ఆడినవాళ్ళు శత్రువు పక్క గడిలోంచి కదిలితే చాలు దెబ్బ అనుకుంటారు. ఇక్కడ అలా కాదు, చేతికందే దూరం దాటి బయటికి పోతేనే. చుట్టూ తిరిగితే ఏమీ కాదు. 2014లో శత్రువు పోతేనే అని ఉండేది, ఇప్పుడు ఏ జీవి పోయినా అని రాశారు. ఆ దెబ్బ బదులు స్పెల్ వేయనిచ్చే వార్ కాస్టర్ ఫీట్ ఉన్న క్లెరిక్ (పూజారి పాత్ర) దీన్ని పట్టుకుని, పక్కనుంచి పరిగెత్తే సొంత మనిషికి రియాక్షన్‌తో క్యూర్ వూండ్స్ (గాయాలు మాన్పే స్పెల్) వేస్తానంటాడు. అక్షరాలా చూస్తే కుదురుతుంది. నేనైతే ఒప్పుకోను, దానికి పెట్టిన పేరే అటాక్ కాబట్టి.

ఇంకొకటి, పాతదే, ఇప్పటికీ సరిచేయలేదు. భోగి రోజుల్లో మన చేలమీద దిగే మంచు తెలుసుగా, పది అడుగుల్లో మనిషి కనపడడు. రూళ్ళలో అది హెవీలీ అబ్‌స్క్యూర్డ్. అందులో ఇద్దరు విలుకాళ్ళు 300 అడుగుల దూరంలో ఉన్నారు. షార్ట్‌బో మామూలు రేంజి 80, ఆఖరి రేంజి 320. దూరానికి డిస్‌అడ్వాంటేజ్, నువ్వు వాణ్ణి చూడలేవు కాబట్టి ఇంకో డిస్‌అడ్వాంటేజ్, వాడు నిన్ను చూడలేడు కాబట్టి ఒక్క అడ్వాంటేజ్. ఎన్ని ఉన్నా రెండు వైపులా ఒక్కొక్కటుంటే కొట్టుకుపోతాయి. అంటే మంచులో గుడ్డిగా వేసిన బాణం, వెలుతుర్లో దగ్గర్నుంచి వేసినంత సూటిగా పోతుంది! దీనికి కొత్త రూలు అక్కర్లేదండీ. అంత దూరంలో వాడు ఏ గడిలో ఉన్నాడో నీకెలా తెలుసని అడగండి, గడి ఊహించి చెప్పమనండి. తప్పు గడి చెబితే బాణం వృథా. పుస్తకం దీన్ని ఒప్పుకుంటుంది.

కొనాలా వద్దా? 2024లో విడుదలైనప్పుడు అమెరికాలో దీని ధర 49.99 డాలర్లు. క్లాసులూ సబ్‌క్లాసులూ కావాలంటే కొనండి, అవి నిజంగా బాగున్నాయి. ఫైట్ రూల్స్ కోసమైతే నేను కొనమనను. హైడ్ ఒక్కదాని మీద కోపంతోనే అంటున్నాను, దాచుకోవట్లేదు. ఈ ఫైట్ రూల్స్ 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఎస్ఆర్‌డీ 5.2లో (ఆట తయారుచేసినవాళ్ళు పెట్టిన రూళ్ళ పత్రంలో) ఉచితంగా ఉన్నాయి, క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద. వాళ్ళ పేరు రాసి ప్రింటు తీసుకోవచ్చు, తెలుగులోకి మార్చి పంచుకోవచ్చు కూడా.

హైడ్, ఇన్విజిబుల్, ఆపర్చునిటీ అటాక్, ఈ మూడూ ఒకే ఏ4 షీటు మీద వేయండి. కింద మీ టేబుల్ తీర్పు పెన్నుతో రాసి లామినేట్ చేయించండి, మన కోనసీమ చెమ్మకి మామూలు కాగితం వానాకాలం దాటేసరికి మెత్తబడిపోతుంది. నా షీటు పీడీఎఫ్ కింద డిస్క్రిప్షన్‌లో ఉంది, తీర్పు రాసుకునే చోటు ఖాళీగానే వదిలాను.